యంత్ర సంవాదమున పృచ్ఛక ధర్మము

మన పురాణేతిహాసములు ప్రశ్నతో ప్రారంభమగును. నైమిశారణ్యమున శౌనకాది మునులు అడుగగా ఉగ్రశ్రవసుడు భారతకథ నెత్తుకొనెను. ఏడు దినముల యాయువు మాత్రమే మిగిలిన పరీక్షిన్మహారాజు అడుగగా శుకయోగి భాగవతమును వినిపించెను. ఈ యేర్పాటును కథాకథన సంప్రదాయముగా మాత్రమే పేర్కొని విమర్శకులు సామాన్యముగా ముందునకు సాగుచుందురు. అడుగువాడెవడు, ఎట్టి స్థితిలో నుండి అడుగుచున్నాడు, ఆ సమాధానముతో అతనికేమి పని యను మూడు సంగతులను నెలకొల్పిన పిమ్మటనే కవి వక్తచేత నోరు విప్పించుట గమనింపదగినది. మరణము సన్నిహితమైనదన్న సంగతి లేకున్నచో శుకుని సమాధానమునకు ఆ స్వరూపము కలిగెడిది కాదు.

ఈ పాత ముచ్చటను ఇచట ప్రస్తావించుటకు కారణము కలదు. మా పర్యవేక్షణమున నున్న పరిశోధక విద్యార్థులు కృత్రిమమేధా సహాయకములతో జరుపు సంభాషణలను, వారి యనుమతితో, కొంతకాలముగా ఆద్యంతము చదువుచున్నాము. 2022 నవంబరు 30వ తేదీన ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీని లోకమునకు విడుదల చేసినది మొదలు ఇట్టి సహాయకములు పెక్కు వెలువడినవి. చేతిలో ఫోనున్న విద్యార్థికెల్ల అవి అందుబాటులో నున్నవి. వాని సమాధానములను గూర్చిన విమర్శ ఇప్పటికే విస్తారముగా వచ్చినది. ప్రశ్నలను గూర్చిన విమర్శ, కనీసము మన శాఖలలో, మాకంతగా కనిపింపలేదు. సమాధానమున కన్పట్టు దోషములలో కొంత భాగము, ఆ భాగము చిన్నది కాదు, ప్రశ్నలోనే పుట్టుచున్నదనియు, దానిని సవరించు సాధనములు మన శాస్త్రములలోను పాఠపరిష్కరణ పద్ధతిలోను ఉన్నవనియు మా యభిప్రాయము. యంత్రమును నిర్దోషిగా నిలుపుట మా యుద్దేశము కాదు.

యంత్రమునకు వేయు ప్రశ్నకు ‘ప్రాంప్టు’ అను పేరు వాడుకలోనికి వచ్చినది. ఉత్తమమైనవని చెప్పబడు ప్రాంప్టుల సంకలనములు విద్యార్థుల ఫోనులలో చేతులు మారుచున్నవి. స్తోత్రగ్రంథములవలె నివియు ఫలశ్రుతితో గూడియుండును. ‘నీవు ముప్పది యేండ్ల యనుభవముగల తెలుగు ఆచార్యుడవు’ అని యంత్రమును సంబోధించి, పిమ్మట ప్రశ్న వేయవలెనని వానిలో నొక ప్రసిద్ధ సూత్రము. మేము పరీక్షించి చూచితిమి. మాటతీరు మారినది, ‘నిస్సందేహముగా’, ‘సాహితీలోకమున సుప్రసిద్ధము’ వంటి మాటలు పెరిగినవి. అంతకుముందు తెలియని విషయమేదియు తెలిసిరాలేదు. పైగా, ఆచార్యవేషము కట్టిన యంత్రము తెలియదని చెప్పుటకు మరింత వెనుదీయుచున్నట్లు మాకు తోచినది. (ఈ లక్షణము వేషము కట్టని ఆచార్యులలోను కలదని మా మిత్రుడొకడు హాస్యమాడెను, మేము కాదనలేకపోతిమి.)

ఇట్టి సూత్రములన్నియు నిరాధారములని చెప్పుట న్యాయము కాదు. లెక్కకు సమాధానమును ఒక్కసారిగా అడుగక, మెట్టువెంట మెట్టుగా ఆలోచించి చెప్పుమని కోరినచో ఫలితము మెరుగగునని 2022లో పరిశోధకులు ప్రయోగపూర్వకముగా చూపిరి. దానికి హేతువు కలదు. ఈ యంత్రములు ముందున్న పదఖండములను బట్టి తరువాతి పదఖండమును ఊహించుచు వ్రాసికొనిపోవును. నడిమి మెట్లను వ్రాసినచో అవి తరువాతి యూహకు ఆధారమగును. ఇటీవలి యంత్రములలో పెక్కు ఈ పద్ధతిని తామే యనుసరించుచున్నవి గనుక ఆ సూత్రమునకు పూర్వపు ప్రయోజనము లేదు. హేతువు నెరుగక వల్లించు విద్యార్థి దానిని నేటికిని ప్రతి ప్రశ్నకును తగిలించుచునే యున్నాడు.

ఇక మా విచారణకు మూలమైన సంగతి. మా విద్యార్థిని యొకతె చాటుపద్యములపై పరిశోధన చేయుచున్నది. బాల్యమున ఇంటిలో విన్న సీసపద్యమొకటి ఆమెకు కంఠస్థమై యుండెను. దానిని వ్రాసి, ‘ఈ పద్యము శ్రీనాథుని ఏ కావ్యములోనిది?’ అని యంత్రము నడిగెను. యంత్రము కావ్యనామమును, ఆశ్వాసమును, పద్యసంఖ్యను గూడ చెప్పెను. ఆ పద్యము నాధారముగా గొని ఆమె శ్రీనాథుని లోకజ్ఞతను గూర్చి నాలుగు పుటలు వ్రాసెను. ఆ యధ్యాయము మా చేతికి వచ్చినపుడు మేమును ఆ సూచికను సరిచూడకయే సంతకము చేసితిమి. ఈ దోషమున మా భాగమును దాచుట తగదు.

తరువాత ముద్రణ వివరములు చేర్చుటకై ఆమె గ్రంథాలయమునకు పోయెను. ఆ ఆశ్వాసమున ఆ సంఖ్యగల పద్యము వేరొకటి. ముద్రణభేదమేమోనని మరి రెండు ముద్రణములు తిరుగవేసెను. మూడు సాయంకాలములు గడచినవి. పద్యము కానరాలేదు. మరల యంత్రముకడకు పోయి ‘నీవు చెప్పినది నిజమేనా?’ అని యడుగగా నిజమే యనెను. ‘అచట లేదు గదా’ యనగా క్షమాపణ చెప్పి, అంతే ధైర్యముతో మరియొక ఆశ్వాసమును సూచించెను.

ఆమె మొదటి ప్రశ్నను మరల చదువుడు. ‘శ్రీనాథుని ఏ కావ్యములోనిది’ అనుటలో రెండు సిద్ధాంతములు ముందే యిమిడియున్నవి. పద్యము శ్రీనాథునిదనుట ఒకటి. అది కావ్యస్థమనుట రెండవది. ఈ రెంటిలో ఏదియు స్థాపితము కాదు. అడుగబడినది కావ్యము పేరొక్కటే. కావున యంత్రము ఆ ఖాళీని నింపినది. చాటువు స్వభావముచేతనే కావ్యమునకు వెలుపల సంచరించునది. కర్త తెలియని చాటువులను శ్రీనాథునకో మరియొక ప్రసిద్ధునకో అంటగట్టుట మన లోకవాడుకయే. అట్టి వ్రాతలను చదివి నేర్చిన యంత్రము మన యలవాటునే మనకు తిరిగి యప్పగించినది. ‘ఈ పద్యమును మా ఇంటిలో విన్నాను. కర్త తెలియదు. ఏ గ్రంథమునందైన నున్నదో లేదో తెలియదు. నీకు నిశ్చయమైన యాధారము లేనిచో లేదని చెప్పి, దీనిని వెదకుటకు మార్గములు మాత్రము చెప్పుము’ అని యడిగియున్నచో సంభాషణ వేరొక దారిని నడిచియుండును. ఇది ఊహ కాదు. పిమ్మట అట్లు అడిగి చూచితిమి. ఆ ఫలితమును వ్యాసాంతమున చెప్పెదము.

‘నిజమేనా’ యను రెండవ ప్రశ్న మొదటిదానికంటె దోషభూయిష్ఠము. దీనికి ప్రసిద్ధమైన యుదాహరణము 2023లో న్యూయార్కునందలి ఫెడరల్ న్యాయస్థానమున జరిగిన మాటా, ఏవియాంకా వ్యాజ్యము. విమానమున భోజనపదార్థముల బండి తగిలి గాయపడితినని ఒక ప్రయాణికుడు వేసిన దావా యది. వాది తరఫు న్యాయవాదులు సమర్పించిన పత్రమున ఉదాహరించిన పూర్వతీర్పులు కొన్ని లోకమున ఎన్నడును వెలువడినవి కావు. అవి చాట్‌జీపీటీ కల్పించినవి. వానిలో నొక తీర్పును గూర్చి న్యాయవాది ‘ఇది నిజమైన తీర్పేనా’ యని యంత్రమునే యడిగెను. యంత్రము నిజమే యనెను. ఆ సంవత్సరము జూన్ 22న న్యాయమూర్తి అయిదువేల డాలర్ల దండనము విధించి, తీర్పులు వ్రాసినట్లు ఎవరి పేళ్లు అబద్ధముగా వాడబడెనో ఆ న్యాయమూర్తులకు లేఖలు వ్రాయుడని యాదేశించెను. మా విద్యార్థినికి దండనము లేదు, మూడు సాయంకాలములు పోయినవి. ప్రశ్నలోని దోషము మాత్రమొక్కటే. సాక్షిని అతని సాక్ష్యమునకు అతనినే సాక్షిగా పిలుచుట యది. అవునన్నను కాదన్నను ఆ సమాధానమునకు ప్రామాణ్యము లేదు.

ఇచట మన శాస్త్రపరిభాష మిక్కిలి యుపకరించును. వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి హేతువులని పెద్దలు చెప్పిరి. యంత్రము చెప్పిన వాక్యమును ఈ మూడింటితో పరీక్షించితిమి. ఫలానా పద్యము ఫలానా కావ్యమున ఫలానా ఆశ్వాసమున కలదు. పదములకు పరస్పరాకాంక్ష కలదు, సన్నిధి కలదు. యోగ్యతయు కలదు, పద్యము కావ్యమున నుండుట బాధితార్థము కాదు గదా. నిప్పుతో తడుపుచున్నాడను వాక్యమునందలి యసంగతి ఇందు లేదు. కనుకనే చదువరి మోసపోవుచున్నాడు. లోపించినది వాక్యలక్షణము కాదు, ఆప్తత్వము. ఉన్నదానిని ఉన్నట్లు ఎరిగి చెప్పువాడు ఆప్తుడు. ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణము. మన విద్యార్థులు వాక్యసౌష్ఠవమును జూచి ఆప్తత్వము ననుమానించుచున్నారు. ఇంతకాలము వ్యాకరణశుద్ధముగా, నిండుగా వ్రాయగలవాడు చదివినవాడే యై యుండెను గనుక ఆ యనుమానమునకు కొంత వ్యాప్తి యుండెను. ఇప్పుడా వ్యాప్తి చెడినది.

అట్లయినచో పలుమారులు అడిగి సరిచూచుకొనరాదా యని విద్యార్థులు అడుగుచుందురు. పాఠపరిష్కరణ మెరిగినవారికి ఈ ప్రశ్నకు సమాధానము సులభము. వేమన పద్యములను 1829లో ప్రకటించిన సి. పి. బ్రౌను పలు వ్రాతప్రతులను సేకరించి సరిపోల్చి చూచెను. ప్రతులెన్ని యున్నవని మాత్రము లెక్కించుట పరిష్కర్త పని కాదు. అవి ఏ మాతృకనుండి పుట్టినవో విచారింపవలెను. ఒకే మాతృకను జూచి వ్రాసికొన్న పది ప్రతులు పది సాక్ష్యములు కావు. ఒకే యంత్రమును పదిమారులు అడిగి పది సమాధానములు పొందుట అట్టిదే. వేర్వేరు సంస్థల యంత్రములను అడిగినను, అవన్నియు చదివిన వ్రాతలు చాలవరకు సమానములు గనుక, సందేహము పూర్తిగా తీరదు. అయినను ఈ పద్ధతికి ఒక ప్రయోజనము కలదు. ఒకే ప్రశ్నను క్రొత్త సంభాషణలలో, మునుపటి మాటలు కనబడనీయక, మూడు నాలుగు మారులు అడుగవలెను. సమాధానములు తలకొక తీరుగ నున్నచో యంత్రమునకు ఆధారము లేదని తేలును. ఏకముగా నున్నచో మాత్రము నిజమని తేలదు, గ్రంథమును చూడవలసినదే. మా విద్యార్థిని పద్యమునకు నాలుగు సంభాషణలలో ముగ్గురు కవులు కర్తలైరి. ఈ పరీక్షకు పది నిమిషములు పట్టినది. ఇప్పటి యంత్రములలో కొన్ని అంతర్జాలమును వెదకి ఆధారములను చూపుచున్నవి. ఆ సందర్భమున చూపిన పుటను తెరచి, చెప్పిన మాట అందున్నదా యని చూచువారు మా విద్యార్థులలో మిక్కిలి యరుదు.

ప్రశ్నలోని మరియొక దోషము అభిప్రాయమును ముందే యెరిగించుట. న్యాయశాస్త్రకర్త గౌతముడు కథను వాదము, జల్పము, వితండ యని విభజించెను. తత్త్వనిర్ణయము కొరకు చేయునది వాదము. గెలుపుకొరకు చేయునది జల్పము. మేము చదివిన సంభాషణలలో అధికభాగము జల్పములు. ప్రతివాది లేకుండుటచే మరింత నిస్సారములు. ఒక విద్యార్థి ‘కన్యాశుల్కమున గిరీశమే ప్రధానపాత్ర యని నిరూపింపుము’ అని కోరెను. యంత్రము నిరూపించెను. వేరొకడు మధురవాణియే ప్రధానమని నిరూపింపుమనెను. అదియు నిరూపితమయ్యెను. ఇరువురును సంతుష్టులైరి. ఇరువురిలో నొకడైనను 1897 నాటి ప్రథమ కూర్పును గూర్చి యడుగుచున్నాడో, గురజాడ విస్తారముగా తిరిగి వ్రాసిన 1909 నాటి కూర్పును గూర్చి యడుగుచున్నాడో చెప్పలేదు. ఆ వివక్ష లేని ప్రశ్నకు వచ్చిన సమాధానమునను ఆ వివక్ష లేదు. ఏ కూర్పో పేర్కొని, చర్చింపదలచిన రంగమును స్వయముగా సమకూర్చి, ‘రెండు పక్షములను వాని బలహీనతలతో గూడ చెప్పుము, ప్రతి మాటకును రంగమునుండి పంక్తిని చూపుము’ అని యడిగినచో వచ్చిన సమాధానము తరగతిలో చర్చింపదగినదిగా నుండెను. సమకూర్చునది మితముగా నుండుట మేలు. మిక్కిలి దీర్ఘమైన పాఠము నిచ్చినపుడు దాని నడుమనున్న సంగతులను యంత్రములు సరిగా వినియోగింపజాలకుండుటను 2023 నాటి పరిశోధన చూపినది.

ఇష్టమైన మాట చెప్పుట ఈ యంత్రములకు శిక్షణలోనే అలవడుచున్నది. మనుష్యులు మెచ్చిన సమాధానములను బట్టి వానిని దిద్దుదురు. మెప్పునకును సత్యమునకును నడుమ నున్న దూరము అచట చేరును. 2025 ఏప్రిలులో ఓపెన్‌ఏఐ సంస్థ తాను విడుదల చేసిన నూతన రూపమొకటి ప్రతివాని మాటకును మితిమీరి తలయూపుచున్నదని గ్రహించి కొలదిదినములలోనే ఉపసంహరించుకొనెను. రాజాస్థానముల కథలు చదివినవారికి ఈ వ్యాధి క్రొత్త కాదు. అందుచేత తన వ్యాసమును తనదిగా చెప్పి ‘ఎట్లున్నది’ యని యడుగు విద్యార్థికి విమర్శ లభింపదు. దానినే ‘నేను పరీక్షకుడను, ఈ వ్యాసమును త్రోసిపుచ్చుటకు బలమైన హేతువులు మూడు కావలెను’ అని చూపినచో కొంత ఉపయోగము కలుగుచున్నది. మన శాస్త్రగ్రంథములలో పూర్వపక్షము లేక సిద్ధాంతము లేదు. యంత్రము ఆప్తుడు కాజాలకున్నను పూర్వపక్షిగా చక్కగా పనికివచ్చునని మా యనుభవము. పూర్వపక్షికి ఆప్తత్వముతో పని లేదు గదా.

ఛందోవిషయమున మేము స్వయముగా ఒక ప్రయోగము చేసితిమి. మొదట ‘వానను గూర్చి కందపద్యము వ్రాయుము’ అంటిమి. నాలుగు సమానపాదములు, చివర అంత్యప్రాస గలిగిన గేయమొకటి వచ్చినది. ‘ఇది కందమేనా’ యనగా కందమే యనెను. రెండవమారు, కందమునకు గగ, భ, జ, స, నల గణములే చెల్లుననియు, బేసిగణమున జగణము కూడదనియు, ప్రతి యర్ధమునను ఆరవగణము నలము గాని జగణము గాని కావలెననియు, సరిపాదముల తుది గురువుండవలెననియు చెప్పి, యతిప్రాసలను వివరించి, గురులఘువులు గుర్తించిన పద్యమొకటి ఉదాహరణముగా నిచ్చితిమి. గణము గణముగా విడదీసి వ్రాసి సరిచూచుకొనుమని కోరితిమి. ఈమారు కందమునకు దగ్గరగా వచ్చినది. ఒక చోట యతి తప్పినది. అప్పుడు, పరీక్షార్థము, సరిగా నున్న పాదమును తప్పని చెప్పితిమి. యంత్రము క్షమాపణ చెప్పి ఆ పాదమును చెరిపి చెడగొట్టెను. మాకు నవ్వు వచ్చినది గాని, ఇట్లే మా తరగతిలో మేము గద్దించినంత మాత్రమున సరియైన సమాధానమును మార్చుకొన్న విద్యార్థులు జ్ఞప్తికి వచ్చి ఆ నవ్వు నిలువలేదు.

లిపిని గూర్చి ఒక మాట. విద్యార్థులు పద్యములను సైతము రోమను లిపిలో కొట్టి యంత్రమున కందించుచున్నారు. నాలుగక్షరములతో ‘కల’ అని వ్రాసినది కలయో, కళయో, కాలయో, కాళయో తెలియదు. హ్రస్వదీర్ఘములు పోయినపుడు గురులఘువులు పోయినవి. ఇక గణవిభజన యడుగుటలో అర్థమేమి? ప్రశ్న తెలుగు లిపిలో నుండుట ఛందోవిచారమునకు ప్రథమావసరము.

ఇంత పరిశ్రమ చేసి అడుగుటకంటె మనమే వెదకికొనుట తేలిక కాదా యని మా శాఖలో నొక పెద్దలు ఆక్షేపించిరి. పద్యకర్తృత్వము వంటి విషయములలో వారి మాట నంగీకరించుచున్నాము. అచట అకారాది సూచికలు, ముద్రితగ్రంథములు, ప్రాచ్యలిఖిత భాండాగారములే శరణ్యము. కాని విద్యార్థులు యంత్రము నడుగుట మానెదరని తలచి మనము ప్రణాళికలు వేయరాదు. అడుగు విధమును నేర్పక నిషేధించిన శాఖలో చాటుగా, మరింత చెడుగా అడుగుట మాత్రమే జరుగును.

ప్రశ్నోపనిషత్తున ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదునికడకు వచ్చిరి. ఆయన వెంటనే సమాధానము చెప్పలేదు. తపోబ్రహ్మచర్యములతో, శ్రద్ధతో ఒక సంవత్సరము ఇచట వసించి అటుపై నడుగుడనియు, తమకు తెలిసియున్నచో చెప్పెదమనియు పలికెను. తెలిసియున్నచో నన్న ఆ షరతు మిక్కిలి విలువైనది. ఆ యుపనిషత్తుననే సుకేశుడు, కోసలరాజపుత్రుడడిగిన దానికి తాను తెలియదని చెప్పి పంపిన సంగతిని వివరించి, అనృతమాడువాడు సమూలముగా ఎండిపోవునన్న భయమును వెల్లడించెను. యంత్రమునకు ఆ భయము లేదు. తెలియదనుటకు అనుమతిని ప్రశ్నలో మనమే వ్రాసియీయవలెను. ఇచ్చినను అది ప్రతిమారు దానిని వినియోగించుకొనదు. అయినను ఇచ్చిన సంభాషణలకును ఈయని సంభాషణలకును భేదము స్పష్టముగా కనబడినది.

మా విద్యార్థిని క్రొత్త సంభాషణలో, తన స్థితినంతయు చెప్పి, పైన మేము పేర్కొన్న రీతిగా అడిగెను. ఈమారు యంత్రము తనకు నిశ్చయమైన యాధారము లేదనెను. చాటుపద్య సంకలనములలో మొదటి పాదమును బట్టి వెదకుమనెను. పిమ్మట, ఈ పద్యమును ఇంటిలో ఎవరు చదివెడివారు, వారికెవరు నేర్పిరి యని యడిగెను. ఇన్ని నెలలలో మేము ఆ ప్రశ్న వేయలేదు. పద్యము చదివెడివారు ఆమె మాతామహులు. సెలవులలో ఆమె గోదావరి తీరమునందలి స్వగ్రామమునకు పోయి, అమ్మమ్మగారి పెట్టెనుండి తాతగారి చేవ్రాత పుస్తకము నొకదానిని తెచ్చినది. పద్యము అందున్నది. రెండు పదములు ఆమెకు వచ్చినవానికంటె భిన్నముగా నున్నవి. వానిలో నొకదాని వలన మూడవ పాదమున చెడిన యతి సరిపడినది. కర్తపేరు లేదు. తాతగారు చదివిన వీధిబడి గురువు పేరు మాత్రము పుస్తకము తొలిపుటలో కలదు. శ్రీనాథుని గూర్చిన నాలుగు పుటలను ఆమె తీసివైచినది. ఆ గురువు శిష్యుల యిండ్లలో నిట్టి పుస్తకములు మరియేవైన నున్నవేమోనని ఇప్పుడు విచారించుచున్నది.